నిచ్చెనను ఎవరికిద్దాం?

రెండు కిడ్నీలూ పాడైపోయాయని డాక్టరు చెప్పిన రోజున లిఫ్టు మెకానిక్ బల్ల మీదున్న గాజు గుండును చూస్తూ కూర్చున్నాడు. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే గుండు అది. లోపల పసుపుపచ్చ బుడగలున్నాయి. పక్కనున్న అక్క రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "మీకు అర్థమవుతోందా?" అని డాక్టరు మళ్ళీ మళ్ళీ అడిగాడు. "అయిందండీ," అన్నాడతను. అయింది కూడా. కాకపోతే ఎవరో దారినపోయే మనిషి సంగతి విన్నట్టుంది. పాపం, ఎవరికో కిడ్నీలు పోయాయట అన్నట్టుంది. బయటికొచ్చి బస్సు కోసం నిలబడితే ఆకలేసింది. ఆ మాటే అక్కతో అన్నాడు. ఆమె ఏడుపు ఆపేసి తమ్ముడి ముఖంలోకి అదోలా చూసింది.

అప్పటికి అతనికి నలభై దాటాయి. అక్క అతనికంటే ఆరేళ్ళు పెద్ద. బావతో తెగతెంపులు చేసుకుని వచ్చేసిన దగ్గర్నుంచి తమ్ముడి దగ్గరే ఉంటోంది. కాదు, తమ్ముడే తన దగ్గర ఉంటున్నాడని ఆమె లెక్క. కార్ల సీట్లకు తొడుగులు కుట్టే కార్ఖానాలో పని. వరసగా పెట్టిన మిషన్ల హోరును మించి అరిచి అరిచి ఆమె గొంతు పెద్దదైపోయింది. ఇంట్లో మామూలుగా మాట్లాడినా ఏదో గొడవ జరుగుతోందనుకుని పక్క వాటావాళ్ళు తలుపు తీసి చూసేవారు. తమ్ముడు అందుకు సరిగ్గా వ్యతిరేకం. చిన్నప్పటి నుంచీ నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి. ఒంట్లో జబ్బు చేరాక ఆ నిమ్మళం కాస్తా ముదిరి మొద్దుబారిపోయింది. అన్నం తినేవాడు, నిద్రపోయేవాడు, పనికి వెళ్ళేవాడు. ఏదీ మాత్రం లోపలిదాకా దిగేది కాదు.

కంపెనీవాళ్ళు మంచివాళ్ళే. లిఫ్టు గుంటల్లోకి దిగి ఇనపతాళ్ళు సరిచూసే పని ఇక వద్దని అతన్ని ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు మధ్యలో ఆగిపోయినా, లోపలున్నవాళ్ళు ఎర్ర బొత్తాం నొక్కితే అతని బల్ల మీద మోగుతుంది. "కంగారు పడకండి. గాలి ఆడుతూనే ఉంటుంది. తలుపు మీరు లాగొద్దు. మావాడు బయల్దేరాడు." ఎవరికైనా అవే ముక్కలు, అదే గొంతు. అవతల ఏడ్చేవాళ్ళున్నారు, తిట్టేవాళ్ళున్నారు, పెళ్ళాంతో చెప్పమని ఆఖరి మాటలు అప్పగించినవాడు కూడా ఒకడున్నాడు. మెకానిక్ గొంతు మాత్రం వెంట్రుకంత కూడా మారలేదు. ఇంత ఓర్పు తన ఉద్యోగంలో ఎవరి దగ్గరా చూడలేదని మేనేజరు మెచ్చుకున్నాడు. అది ఓర్పు కాదని మెకానిక్‌కి తెలుసు.

ఆసుపత్రి రెండో అంతస్తులో డయాలసిస్ హాలు. వారానికి మూడు పొద్దులు అక్కడే గడిచేవి. ముందు తూకమెక్కాలి, ఒంట్లో ఎంత నీరు చేరిందో తేలడానికి. తర్వాత కిటికీ పక్క కుర్చీలో వాలితే, ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టిన ఉబ్బు మీద సిస్టరు రెండు సూదులు గుచ్చుతుంది. ఒక గొట్టంలోంచి రక్తం బయటికి పోయి, మిషనులో శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తుంది. కొత్తవాళ్ళు ఆ ఎర్రటి గొట్టాలు చూడలేక కళ్ళు మూసుకునేవారు. అతను రెప్పార్పకుండా చూసేవాడు. పంపు చక్రం తిరగడంలో ఏమైనా తేడా ఉందా అని పనివాడి కళ్ళతో చూసేవాడే తప్ప, తిరుగుతున్నది తన నెత్తురని అతనికి అనిపించేది కాదు. చాలా నెలలపాటు ఆ హాల్లో అతను తన బరువెంతో చెప్పడం తప్ప మరో మాట మాట్లాడలేదు.

అలాంటివాడి పక్క కుర్చీలోకి డ్రిల్లు మేడం వచ్చి పడింది.

ఆవిడ ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. యాభై దగ్గరపడుతోంది. పడుకున్నా నిటారుగా నిలబడ్డట్టే కనిపించే మనిషి. ఈల అక్కర్లేని గొంతు. వయసులో ఉన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడిందట. ఆవిడ వెంట భర్త వచ్చేవాడు, ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపాయన. నోట్లో నాలుక లేని మనిషి. భార్య తల కింద దిండు సర్ది, వరండాలో బెంచీ మీద కూర్చుని, గోళ్ళలో ఎండిపోయిన జిగురు గీక్కుంటూ ఉండేవాడు.

ఒకరోజు గోడ మీది టీవీలో ఊరి బాస్కెట్‌బాల్ జట్టు ఆట వస్తోంది. ముందు రోజు ఓడిపోయిన ఆటనే మళ్ళీ వేస్తున్నారు. జట్టు కెప్టెన్ పొడుగు చూసి జనం అతనికి నిచ్చెన అని పేరు పెట్టారు. ఎంతోకాలంగా ఆ ఒక్క జట్టుకే ఆడుతున్నాడు. బుట్ట కింద నిలబడి చెయ్యి చాపితే బంతి అతని కోసమే వచ్చినట్టు వచ్చేది ఒకప్పుడు. ఇప్పుడు వయసు మీదపడింది. టీవీలో అతను ఎగిరాడు, బంతి అందలేదు.

"వీణ్ణి ఇచ్చేయాలి," అంది డ్రిల్లు మేడం, ఎవరితోనో ప్రత్యేకంగా అన్నట్టు కాకుండా.

మెకానిక్ తల తిప్పాడు. "ఎవరికి?"

సిస్టరు చేతిలో దూది అలాగే ఆగిపోయింది. ఈ మనిషికి మాటలొచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

"రేవు జట్టుకి. వాళ్ళకి పొడుగువాళ్ళు లేరు. ఇచ్చి, బొంగరాన్ని తెచ్చుకోవాలి."

బొంగరమంటే రేవు జట్టులో గిర్రున తిరుగుతూ మనుషుల మధ్యలోంచి జారిపోయే కుర్రాడు. ఆ ఏడాది అందరి నోటా వాడి పేరే.

"బొంగరాన్ని ఇవ్వరు మేడం. వాళ్ళ మేనేజరు మీరే అనుకోండి, ఇస్తారా? నిచ్చెన పరిగెత్తితే మోకాళ్ళ చప్పుడు పై వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినబడుతోంది."

"అంటే పనికిరాడని నువ్వే ఒప్పుకున్నావుగా!"

"పనికిరాడనలేదు. ఇవ్వొద్దంటున్నాను."

"పనికిరానివాణ్ణి అట్టే పెట్టుకుని ఏం చేస్తావయ్యా, దండెం కట్టి బట్టలారేసుకుంటావా?"

"బాబూ, చేతులు ఊపకండి, సూదులూడొస్తాయి," అంది సిస్టరు.

అలా మొదలైంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ఆ జట్టును ఎన్నిసార్లు విప్పి బిగించారో లెక్కలేదు. కొండ జట్టు నుంచి ఎడంచేతివాటం ఆటగాణ్ణి తెచ్చారు, వాడు గొడవలమారి అని వెనక్కి పంపారు. బెంచీ మీద కూర్చునే ముగ్గుర్నీ మూటగట్టి ఇచ్చేసి ఒక్క మంచివాణ్ణి అడిగారు. ఎవరికి తోచింది వాళ్ళు అనకుండా ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. అవతలి జట్టు కూడా ఒప్పుకునే బేరమే చెప్పాలి, వాళ్ళకీ లాభముండాలి. లేకపోతే అది కొట్టేసినట్టే. తగువు తెగకపోతే సిస్టరు తీర్పు చెప్పేది. ఆట గురించి ఆమెకు ఓనమాలు తెలియవు. "వాణ్ణి ఇవ్వకండి, వాడి నవ్వు బాగుంటుంది," అనేది. ఆ తీర్పుకి తిరుగులేదు.

నిచ్చెన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరూ పట్టు విడిచేవారు కాదు. ఆవిడ అతన్ని పోటీలో ఉన్న ప్రతి జట్టుకీ అంటగట్టి చూసింది. మెకానిక్ ప్రతి బేరానికీ ఏదో ఒక వంక పెట్టి చెడగొట్టాడు.

"మీ అన్నా, బాబాయా? ఎందుకయ్యా వాడి మీద అంత ప్రేమ?" అందొకసారి.

"ప్రేమేం లేదు మేడం. వాడు లేని జట్టు ఎలా ఉంటుందో నాకు కనబడట్లేదు, అంతే."

అది నిజం. ప్రేమలాంటిదేదీ అతనికి తగలడం లేదు. వాదిస్తున్నంతసేపూ మాటలు వేడిగానే వచ్చేవి, కానీ తను ఎక్కడో కాస్త ఎడంగా నిలబడి ఆ మాటలు వింటున్నట్టుండేది. ఇంటికెళ్ళే బస్సెక్కగానే ఆ వేడి కూడా చల్లారిపోయేది. ఒక్క తేడా మాత్రం గమనించాడు. ఆసుపత్రికి వెళ్ళక్కర్లేని రోజుల్లో, ఫోను మోగనప్పుడు, ఈసారి మేడం ఏం బేరం తెస్తుందో, తనేం అడ్డు చెప్పాలో ఆలోచిస్తూ ఉండేవాడు. అది సంతోషమో కాదో అతనికి తెలియదు. ఉత్త ఖాళీ మాత్రం కాదు.

ఈలోగా అక్క తన కిడ్నీ ఇస్తానని పట్టుబట్టింది. "రెండున్నాయి, ఒకటి తీసుకోరా. నాకు రెండెందుకు, ఊరేగడానికా?" అంది. ఆసుపత్రిలో పరీక్ష చేస్తే ఆమె రక్తం తమ్ముడికి సరిపడదని తేలింది. డ్రిల్లు మేడం ఇంట్లోనూ అదే కథ. ఫ్రేములాయన ఇస్తానన్నాడు, ఆవిడకు సరిపడలేదు. కొన్నాళ్ళకు ఆసుపత్రిలో ఆ వ్యవహారాలు చూసే అమ్మాయి రెండు కుటుంబాలనూ ఒకేసారి పిలిపించింది. చిన్న గది, అయిదు కుర్చీలు, మూలన నీళ్ళ క్యాను.

"చూడండి," అందా అమ్మాయి. "సార్ వాళ్ళ అక్కగారిది సార్‌కి పడదు, మేడంకి పడుతుంది. మేడం వాళ్ళాయనది మేడంకి పడదు, సార్‌కి పడుతుంది. మీ రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకుంటే ఇచ్చిపుచ్చుకోవచ్చు. నాలుగు ఆపరేషన్లూ ఒకే రోజు, ఒకే వేళకి చేస్తారు. ముందు పరీక్షలన్నీ అవ్వాలి."

అందరికంటే ముందు అక్క తేరుకుంది.

"అంటే నాది ఈవిడకి, ఆయనది మావాడికి?"

"అవునండి."

అక్క కుర్చీలో పక్కకు తిరిగి ఫ్రేములాయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "అన్నయ్యగారూ, మీరు తాగుతారా?"

"లేదమ్మా."

"సిగరెట్లు?"

"మానేసి చాలా ఏళ్ళయింది."

"చాలా అంటే ఎంత?"

"అవన్నీ మేం పరీక్షల్లో చూస్తామండి," అంది ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ.

"మీరు చూసుకోండమ్మా, వద్దన్నానా? మావాడి ఒంట్లోకి వచ్చేదాని గురించి నేనో మాట అడగొద్దా?"

ఫ్రేములాయన నవ్వాడు. డ్రిల్లు మేడం నవ్వబోయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ అమ్మాయి మెకానిక్ వైపు తిరిగి, "మీరేమంటారు సార్?" అంది. "సరేనండి," అన్నాడు. కాఫీ తాగుతారా అని అడిగితే అన్నట్టే అన్నాడు. నలుగురూ లేచి బయటికి వెళ్తుంటే అక్క డ్రిల్లు మేడం చెయ్యి పట్టుకుని, "ఆయన నాకు అన్నయ్యయితే మీరు వదిన, అవునా కాదా? ఇంకేం, పదండి వదినగారూ," అంది. మెకానిక్ వాళ్ళ వెనకాల నడిచాడు. ఇప్పుడు గుండె కొట్టుకోవాలి కదా అనుకున్నాడు. అది మామూలుగానే కొట్టుకుంటోంది.

పరీక్షలు మొదలయ్యాయి. ఒకదాని తర్వాత ఒకటి, నెలలు పట్టాయి. అక్క కార్ఖానాకి సెలవు పెట్టి రక్తాలిచ్చింది, స్కానింగులు తీయించుకుంది. ఫ్రేములాయన కూర్చునే బెంచీ గట్టిగా ఉందని మిగిలిపోయిన రెక్సిను ముక్కలతో ఒక దిండు కుట్టి తెచ్చింది. ఆయన దాని మీద కూర్చోవడానికి మొహమాటపడి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

హాల్లో మాత్రం ఒక చిత్రం జరిగింది. మొదటి రోజునే సిస్టరు నవ్వుతూ, "ఇన్నాళ్ళూ మీరిద్దరూ దీనికే రిహార్సల్ వేసుకున్నారన్నమాట," అంది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఎవరిని ఇద్దాం, ఎవరిని తెద్దాం అనే మాట వాళ్ళ నోటిదాకా వచ్చి ఆగిపోయేది. పనికిరాడు, ముసలాడు, మూటగట్టి ఇచ్చేద్దాం అని ఇదివరకు తేలిగ్గా అనేసినవన్నీ ఇప్పుడు అనడానికి నోరు రాలేదు. నిన్న ఎంత తేడాతో ఓడిపోయారో చెప్పుకునేవారు. ఎండ గురించి చెప్పుకునేవారు. తర్వాత ఆవిడ కళ్ళు మూసుకునేది, అతను పంపు చక్రాన్ని చూసేవాడు. అంతా బాగవబోతున్న ఆ రోజులే అతనికి అన్నిటికంటే బోసిగా గడిచాయి.

ఆఖరి పరీక్షల దగ్గర బెడిసికొట్టింది. అక్కకి షుగరుందన్నారు. మొదట చూసినప్పుడు అంచు మీదుందనుకున్నారు, ఇప్పుడు దాటేసింది.

"షుగరున్నవాళ్ళ కిడ్నీ తీయడానికి లేదమ్మా," అన్నాడు డాక్టరు. "ముందుముందు మీకే ముప్పు."

"మందులేసుకుని తగ్గించుకుంటాను. రెండు నెలలు టైమివ్వండి డాక్టరుగారూ. తీపి ముట్టుకోను. మూడు నెలలివ్వండి, పోనీ."

"అలా కాదమ్మా."

"నా ఒంటి సంగతి నాకు తెలీదా? నేను సంతకం పెడతానంటుంటే!"

వరండాలో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె గొంతు అసలే పెద్దది. మెకానిక్ లేచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "పదక్కా," అన్నాడు. బయటికొచ్చాక ఆమె గోడకానుకుని నిలబడింది. "ఇన్నాళ్ళూ నిన్ను నేనే నిలబెడుతున్నాననుకున్నానురా," అంది. "నా ఒంట్లోనే ఇంత పెట్టుకుని." తర్వాత అడిగింది, "నీకేం బాధ లేదురా?"

"ఉందక్కా," అన్నాడతను. అబద్ధమాడాడు. ఆమె నమ్మింది, అది చాలనుకున్నాడు.

డ్రిల్లు మేడంకి ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి. ఆసుపత్రివాళ్ళు ఫోను చేస్తామన్నారు గానీ, మర్నాడు పొద్దున హాల్లో ఆవిడ ముఖం చూస్తే ఇంకా తెలియదని అర్థమైంది. గొట్టాలు తగిలించాక మెకానిక్ చెప్పాడు.

"మేడం, అక్కకి షుగరొచ్చింది. ఇవ్వడానికి లేదన్నారు."

ఆవిడ చాలాసేపు పైకప్పు వైపు చూసింది. అక్క ఇవ్వకపోతే ఆవిడకు కిడ్నీ లేదు. ఆవిడకు లేనప్పుడు భర్త మెకానిక్‌కి ఇవ్వడమూ ఉండదు. ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేని సంగతే.

"మందులు మొదలెట్టారా మీ అక్కకి?" అంది చివరికి.

"నిన్నట్నుంచి."

"నడవమను. రోజూ నడవాలి." అని గోడవైపు తిరిగింది. ఆ పొద్దంతా మళ్ళీ ఇటు తిరగలేదు.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. తర్వాత ఆసుపత్రివాళ్ళకు వేరే జంట దొరికింది. ఒక తండ్రి, ఒక కొడుకు. తండ్రి కిడ్నీ కొడుక్కి సరిపడదు, డ్రిల్లు మేడంకి సరిపడుతుంది. ఫ్రేములాయనది ఆ కొడుక్కి వెళ్తుంది. ఈ సంగతి చెప్పడానికి ఆవిడ తన కుర్చీలోకి వెళ్ళకుండా ముందు మెకానిక్ కుర్చీ దగ్గరికొచ్చి నిలబడింది. చెప్పడం అయ్యాక, "నిన్ను అడక్కుండా ఊ అనలేదు ఇంకా," అంది.

"నన్నడగడం ఎందుకు మేడం? వెళ్ళండి."

"నీకు రావాల్సింది అది."

"అవతలివాళ్ళకి కూడా లాభముండాలి కదా. మా వైపు నుంచి ఇవ్వడానికి ఏం లేదు. ఎలా ఇస్తారు?"

"వెటకారమా?"

"కాదు మేడం. నిజంగానే అంటున్నాను."

"నాకు అదే భయంగా ఉందయ్యా! తిట్టు. ఒక్కసారైనా తిట్టు నన్ను. స్వార్థపరురాలివి అను. బాస్కెట్‌బాల్ కోసమైతే గొంతు చించుకుంటావే, నీ ప్రాణం కోసం ఒక్క మాట అనవా?"

కోపం కోసం మెకానిక్ లోపల నిజంగానే వెతికాడు. అటక మీద ఏదో వస్తువు ఉండాలని చేత్తో తడిమినట్టు తడిమాడు. దుమ్ము తగిలింది, అంతే. "మీరు బాగుపడండి ముందు," అన్నాడు. ఆవిడకు ఏడుపాగలేదు. వంగి అతని గొట్టాల చెయ్యి పట్టుకోబోయేసరికి గొట్టం నలిగి మిషను కీచుమంటూ మొత్తుకుంది. సిస్టరు పరిగెత్తుకొచ్చి ఇద్దరికీ చీవాట్లు పెట్టింది.

ఆపరేషన్లు బాగా జరిగాయి. ఆ సంగతి సిస్టరు చెప్పింది. డ్రిల్లు మేడం కుర్చీలోకి కొత్తాయన వచ్చాడు. పడుకోగానే గురక పెట్టేవాడు. మెకానిక్ మళ్ళీ బరువు చెప్పడం తప్ప మాట్లాడడం మానేశాడు. ఇంట్లో అక్క తక్కెడ కొని తెచ్చి ఇద్దరికీ తిండి తూచి పెట్టేది. పొద్దున్నే వీధి చివరిదాకా నడిచొచ్చేది, నడుస్తున్నంతసేపూ షుగర్ని తిట్టేది. డ్రిల్లు మేడం అతని సెల్లుకు ఫోను చేసేది. అతను మోగనిచ్చేవాడు. పగేం లేదు. ఎత్తితే ఏం మాట్లాడాలో తెలియలేదు, రేపెత్తుదాంలే అనుకునేవాడు. ఆ రేపు వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం కంపెనీ ఫోను మోగింది.

"కంగారు పడకండి. ఏ బిల్డింగండీ? ఎన్నో అంతస్తు?"

"ఏ బిల్డింగూ కాదు. నేనే. ఈ ఫోనైతే ఎత్తక తప్పదు కదా నీకు? మా మెట్ల పక్క లిఫ్టు మీ కంపెనీదే, అందులో నంబరు రాసుంది."

"మేడం, ఇది అత్యవసరం లైను..."

"ఇది అత్యవసరమే. నిచ్చెనను ఇచ్చేశారు."

మెకానిక్ ఫోనును రెండో చెవికి మార్చుకున్నాడు.

"వింటున్నావా? రేవు జట్టుకి. పొద్దున చెప్పారు. బొంగరాన్ని కూడా ఇవ్వలేదు వాళ్ళు. ఊరూ పేరూ తెలీని ఇద్దరు కుర్రాళ్ళని ఇచ్చారట."

"మీరు ఇచ్చేయమన్నారుగా."

"నేనన్నది బొంగరం కోసం! ఇది బేరమా, దారిదోపిడీనా? నువ్వు చెప్పు. ఒప్పా, తప్పా?"

"తప్పు," అన్నాడు మెకానిక్.

ఆ మాట అతను అనుకున్నదానికంటే చాలా గట్టిగా వచ్చింది. అవతలి బల్ల దగ్గర మేనేజరు తలెత్తి చూశాడు.

"తప్పున్నర తప్పు మేడం. మోకాళ్ళు పోతే పోనీండి, బెంచీ మీద కూర్చోబెట్టండి, కుర్రాళ్ళకి నేర్పిస్తాడు. అన్నేళ్ళు బుట్ట కింద నిలబడి అందరి మోచేతి దెబ్బలూ తిన్నది ఎవరు? ఇవాళ అక్కర్లేదని ఇచ్చేస్తారా? అడిగారా వాణ్ణి? నువ్వెళ్తావా అని ఒక్క మాటైనా అడిగారా? వాడేమన్నా..." అని ఆగాడు. ఎప్పుడు లేచాడో, కుర్చీ వెనక్కి పడి ఉంది. దాన్ని అతను ఆశ్చర్యంగా చూశాడు.

"అనవయ్యా," అంది డ్రిల్లు మేడం మెల్లగా. "అను. వింటున్నాను."

రెండో లైను మోగింది. మెకానిక్ ఆవిడ లైను పెట్టేసి అదెత్తాడు. "కంగారు పడకండి. గాలి ఆడుతూనే ఉంటుంది," అన్నాడు ఎప్పటి గొంతుతోనే. లోపల చిక్కుకున్న పెద్దాయన తన పిల్లి కూడా తనతో పాటు ఇరుక్కుందని చెబుతుంటే ఓపిగ్గా విన్నాడు. సాయంత్రానికి లోపల మళ్ళీ అంతా మామూలైపోయింది. కానీ ఆ రాత్రి డ్రిల్లు మేడం ఫోను చేస్తే ఎత్తాడు.

ఆ సీజను చివర్లో ఆవిడే టిక్కెట్లు కొని నలుగుర్నీ ఆటకి తీసుకెళ్ళింది. అక్క అంతవరకూ స్టేడియం గడప తొక్కలేదు. డ్రిల్లు మేడం ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుంది. జనంలోకి వెళ్ళినప్పుడు అలా ఉండాలన్నారట. ముఖం నిండుగా అయింది, బుగ్గల్లో రంగొచ్చింది. ఆవిడా అక్కా పక్కపక్కన కూర్చున్నారు. ఊరి జట్టు బంతి పోగొట్టినప్పుడల్లా ఒకరు కట్టుకున్న గుడ్డలోంచి, ఇంకొకరు కార్ఖానా గొంతుతో అరుస్తుంటే ముందు వరసవాళ్ళు చెవులు మూసుకున్నారు. "వదినా, ఆ బక్కోడు ఎవరి వైపు?" అనేది అక్క. మనవైపే అని తెలిశాక ఇంకా గట్టిగా తిట్టేది.

మెకానిక్ పక్కన ఫ్రేములాయన కూర్చున్నాడు. విరామం వచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. అందరూ లేచి అటూ ఇటూ వెళ్తుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని అన్నాడు.

"మీకిద్దామనే నేను సిద్ధపడ్డాను బాబూ. రోజూ మీ ముఖమే చూసేవాణ్ణి కదా. నాది తీసుకున్న ఆ కుర్రాణ్ణి అప్పటికి చూడను కూడా లేదు."

"తెలుసండీ."

"బాగానే ఉన్నాడట వాడు. ఇంటికి రమ్మని ఫోను చేస్తున్నారు. నాకే వెళ్ళబుద్ధి కాలేదు."

మెకానిక్ కాసేపు ఆలోచించాడు. ఇక్కడ తనకేమైనా అనిపించాలి. లోపల చాలా లోతున, మొద్దుబారిన పన్ను మీద వేలుపెట్టి నొక్కితే తెలిసినంత, ఏదో తెలిసింది. నొప్పో కాదో చెప్పలేనంత. చనిపోయినవాళ్ళవి తీసి ఇచ్చే వరసలో అతని పేరు ఎక్కించారు. ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో, ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. ఎల్లుండి పొద్దున మళ్ళీ కిటికీ పక్క కుర్చీ, గురకాయన.

"వెళ్ళి చూసి రండి," అన్నాడు. "వాళ్ళు ఎదురుచూస్తుంటారు."

ఫ్రేములాయన తలూపాడు. ఆట మళ్ళీ మొదలైంది. కాసేపటికి ఈల మోగింది, రెఫరీ ఊరి జట్టు కొత్త కుర్రాడి చేతిలోంచి బంతి తీసేసుకున్నాడు. పక్కన ఆడవాళ్ళిద్దరూ లేచి అరుస్తున్నారు.

"ఇప్పుడేం తప్పు చేశాడు వాడు?" అని అడిగాడు ఫ్రేములాయన. ఇన్నేళ్ళ కాపురంలో ఆట గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదేనని డ్రిల్లు మేడం తర్వాత చెప్పింది.

"బుట్ట కింద రంగేసిన చోటుంది చూడండి. మనవాళ్ళ చేతిలో బంతి ఉన్నంతసేపూ మనవాడు అందులో మూడు సెకన్ల కంటే ఎక్కువ నిలబడకూడదు."

"ఊరికే నిలబడినా?"

"ఊరికే నిలబడినా. కొత్తవాడు కదా, చూసుకోడు."

"మరి బయటికెళ్ళి మళ్ళీ రావచ్చా?"

"రావచ్చండీ. ఎన్నిసార్లయినా రావచ్చు," అని మెకానిక్ ముందుకు వంగి, వేలితో కోర్టు వైపు చూపిస్తూ, ఆ గీతలు ఏవి దేనికో ఒక్కొక్కటే ఆయనకు చెప్పడం మొదలుపెట్టాడు.